విమానంలో బాసింపట్టు

నా నడుము గురించి తమిళనాడులోని మా ధర్మపురి బజారులో ఇప్పటికి మూడు కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో నేను విమానంలోంచి కింద పడ్డాను. ఇంకోదాంట్లో విమానమే నా మీద పడింది. మూడోదాంట్లో విమానం మంటల్లో ఉండగా మా మరిది నన్ను భుజాన వేసుకుని పరిగెత్తాడు. నేను పొట్టిదాన్నే గానీ తేలికదాన్ని కాదు. నన్ను ఒకసారి చూసినవాళ్ళు ఆ మూడో కథ నమ్మరు.

నడుము మళ్ళీ నిలబడింది, కూర్చుని రాసే ఓపిక వచ్చింది కనుక అసలు సంగతి నేనే రాస్తున్నాను. చిన్న విమానం ఎక్కబోయేవాళ్ళు దీన్ని హెచ్చరిక అనుకోండి. నెలల తరబడి మంచం మీద ఉన్నవాళ్ళు ధైర్యం అనుకోండి. నాకు మాత్రం ఇది తప్పు ఒప్పుకోవడం.

మాది చింతపండు మండి. లారీలు, బ్యాంకు, ఆఫీసుల చుట్టూ తిరగడం మా ఆయన పని. తూకం దగ్గర కూర్చునేది నేను. ముప్పై ఏళ్ళుగా కాటా పక్కన చెక్క దిమ్మ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నాను. దాంతో నా కాళ్ళకు వేరే కూర్చోవడం తెలియకుండా పోయింది. బస్సు సీటు దొరికినా, పెళ్ళివారు కుర్చీ వేసినా, ఐదు నిమిషాల్లో రెండు కాళ్ళూ పైకి వచ్చి మడుచుకుంటాయి. వేలాడేసుకుంటే ఏదో పని సగంలో వదిలి లేచినట్టు ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ముప్పై ఏళ్ళలో నా తూకం తప్పని ఒక్కరూ అనలేదు. దాని మీద నాకు గర్వం, అది కొంచెం ఎక్కువే.

మా మరిది పేరు సుందరం. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద గదిలో ఉంటాడు, భోజనం మాతోనే. బ్యాంకు ఉద్యోగం ముందుగానే మానేసి, యాభై దగ్గర పడ్డాక విమానం నడపడం నేర్చుకున్నాడు. మా బంధువుల్లో మగవాళ్ళు ఆ వయసులో షుగర్ మాత్రలు మొదలుపెడతారు, ఇతను విమానం మొదలుపెట్టాడు. నలుగురు స్నేహితులు కలిసి రెండు సీట్ల పాత విమానం ఒకటి తెచ్చుకున్నారు. పాలకోడు దాటాక పొలాల మధ్య ఉన్న ఒక ప్రైవేటు రన్‌వే మీద దాన్ని పెట్టుకున్నారు.

రోజూ ఉదయం ఇడ్లీల ముందు కూర్చుని అన్నదమ్ములిద్దరూ గంటసేపు వాదించుకునేవారు. కావేరిలో నీళ్ళు ఎన్ని వదిలారు, హొగేనక్కల్‌కు ఏ దారి దగ్గర, ఐదో తరగతిలో మాస్టారు ఎవర్ని ఎక్కువ కొట్టాడు, ఏదైనా సరే. ఆ గోల వింటూనే నేను మండి తలుపులు తీసేదాన్ని. ఆ గోల లేకపోతే మా ఇల్లు ఎట్లా ఉంటుందో ఈ ఏడాది దాకా నాకు తెలియదు.

మాసి

మా వైపు లెక్క తమిళ నెలలదే. మాసి నెల, అంటే ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా, మాకు చింతపండు మండికి వచ్చే కాలం. "ఒకసారి రాండి వదినా" అని సుందరం ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉన్నాడు, నేను పోలేదు. ఈసారి నేనే అడిగాను. పెన్నాగరం వైపు చెట్లు ఎంతవరకు దులిపారో పైనుంచి ఒక్క చూపుతో తెలిసిపోతుందని నా ఆలోచన.

"చింతకాయ చూసేదానికి విమానమా? బస్సు లేదా?" అన్నాడు మా ఆయన.

"బస్సులో రోడ్డు పక్క చెట్లే కనబడతాయి" అన్నాను.

నా సీటు ముందు కూడా కాలితో తొక్కే పెడల్స్ రెండు ఉన్నాయి. సుందరం ఎక్కించేటప్పుడు ఒకసారి, ఇంజన్ వేశాక ఒకసారి చెప్పాడు. "వాటికి కాలు తగలకూడదు వదినా. కాళ్ళు వెనక్కి లాక్కొని నేలకి ఆనించి పెట్టుకోండి. దిగేటప్పుడు మరీ ముఖ్యం." నడుము బెల్టు కూడా తనే బిగించాడు.

పైకి పోయాక నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. రోడ్లన్నీ సన్నగా, పాపారపట్టి పక్క పొలాలు గళ్ళ చీర పరిచినట్టు కనబడ్డాయి. దూరంగా హొగేనక్కల్ జలపాతం దగ్గర నీటి తుంపర తెల్లగా లేస్తోంది. నాకు కావలసిన చెట్లు కూడా కనబడ్డాయి. సగం తోపులు ఇంకా దులపనే లేదు. పోయిన వారం ఒక రైతు "అంతా అయిపోయిందమ్మా, ఇంక రాదు" అని నాతో చెప్పి ఉన్నాడు. అతనికి ఏం జవాబు చెప్పాలో ఆలోచించుకుంటూ హాయిగా కూర్చున్నాను.

హాయిగా ఉన్నప్పుడు నేను ఎట్లా కూర్చుంటానో చెప్పాను కదా. పైగా నా పొట్టి కాళ్ళు నేలకు సరిగ్గా ఆనక, జారి జారి ఆ పెడల్స్ మీదికే పోతున్నాయి. తగలకూడదంటే కాళ్ళు పైకి తీసేయడమే మేలు అనుకున్నాను. చెప్పులు విడిచాను, బెల్టు కాస్త వదులు చేశాను, బాసింపట్టు వేశాను. సుందరం ముందుకు చూస్తున్నాడు, నన్ను చూడలేదు.

దిగేటప్పటికి మిట్ట మధ్యాహ్నం. నేల దగ్గరికి వచ్చాక పక్క నుంచి గాలి ఒకటి గట్టిగా కొట్టింది. విమానం దడాలున నేలను తాకి పైకి గెంతింది. ఆ గెంతుకు నేను సీటు మీది నుంచి లేచిపోయాను. రెండోసారి తాకినప్పుడు సీటు కింద నుంచి నన్ను గుద్దింది. ముందు చక్రం విరిగి, విమానం పక్కనున్న ఉలవ చేలోకి పోయి ముక్కు నేలకు ఆనించి నిలబడింది. మంటలు లేవు, దుమ్ము మాత్రం చాలా లేచింది. నడుములో ఎవరో గడ్డపార దించినట్టుగా నొప్పి. సుందరం కనుబొమ్మ చీలి రక్తం కారుతోంది. అతనూ అక్కడి వాచ్‌మనూ కలిసి నన్ను ఒక తలుపు చెక్క మీద పడుకోబెట్టారు.

"కాళ్ళు కదిలించండి వదినా" అన్నాడు. కదిలించాను. అతను ఆ ఉలవ చేలోనే కూలబడి ఏడ్చాడు. నేనేమో ఆ నొప్పిలోనే, నా కాళ్ళు ఎట్లా ఉన్నాయో ఎవరూ చూడలేదు కదా అనుకున్నాను. అది సిగ్గుపడవలసిన మాట. కానీ అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే గది చల్లగా ఉంది. ఫొటో తీసే అబ్బాయి తన తువ్వాలు మడిచి నా తల కింద పెట్టి, "గట్టిగా అరవండమ్మా, ఈ గదిలో అందరూ అరుస్తారు" అన్నాడు. అరిచాను. ఆ తువ్వాలుకు, ఆ మాటకు అతనికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

వెన్నుపూస ఒకటి నలిగిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు మంచం దిగకూడదు. ఆ తర్వాత మా ఆయన ఎదురుగానే డాక్టరు నన్ను అడిగాడు. "బెల్టు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను" అన్నాను.

"కాళ్ళు కిందే ఉన్నాయా?"

"కిందే ఉన్నాయి."

డాక్టరు ఫొటోను వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడు. "అన్నీ సరిగ్గా ఉండి కూడా ఇంత దెబ్బ తగిలిందంటే, దించినవాళ్ళు మరీ మోటుగా దించి ఉండాలి."

మా ఆయన లేచి కిందికి పోయాడు. కింద మందుల షాపు పక్కన బెంచీ మీద సుందరం కూర్చుని ఉన్నాడు, కనుబొమ్మకు రెండు కుట్లు వేసుకుని. మా ఆయన అతనితో ఏమన్నాడో నాకు మునెమ్మ చెప్పింది. మునెమ్మ మా మండిలో గింజలు తీసే ఆడవాళ్ళకు పెద్ద. వాళ్ళదీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే.

"నీకు రెండు కుట్లు, ఆమెకు నడుమా అని అడిగినాడమ్మా అయ్య. ఇంక నా ఎదురుగా రావద్దు అన్నాడు. చిన్నయ్య తల ఎత్తనే లేదు."

అప్పుడే చెప్పి ఉండాలి. రెండు మాటలు చాలు. రేపు చెప్తాను అనుకున్నాను. మర్నాడు ఇంకొంచెం కష్టమైంది.

పంగుని

తొమ్మిది రోజులు నేను పైన వార్డులో, సుందరం కింద బెంచీ మీద. మా ఆయన ఉన్నప్పుడు అతను పైకి రాడు. మా ఆయన ఎప్పుడూ ఉంటాడు. కొబ్బరి నీళ్ళు, ఇడ్లీలు మునెమ్మ చేతికి ఇచ్చి పంపేవాడు. "ఎవరు తెచ్చినారు?" అని మా ఆయన అడిగితే మునెమ్మ "నేనే" అనేది. ఆ తొమ్మిది రోజులూ నాతో సహా అందరం అబద్ధాలే ఆడాం.

ఇంటికి తెచ్చి హాల్లో మంచం వేశారు. తెల్లవారితే ఇడ్లీలు ఉండేవి, మాట ఉండేది కాదు. సుందరం బయటి మెట్ల మీదుగా తన గదికి పోయి వస్తున్నాడు, బస్‌స్టాండ్ దగ్గర మెస్సులో తింటున్నాడు. నా మంచం సరిగ్గా అతని గది కిందే. నాకు చప్పుడు కాకూడదని అతను పైన చెప్పులు లేకుండా నడిచేవాడు. నాకు అదీ వినబడేది. మంచం మీద ఉన్న మనిషికి వినడం తప్ప వేరే పనేముంది.

మా ఆయన గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీరు ఆయన్ని కోపిష్టి అనుకుంటారు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో ఆయన పొయ్యి వెలిగించింది లేదు. ఈ రెండు నెలలు వంట ఆయనే చేశాడు. రసంలో ఒకరోజు ఉప్పు ఉండదు, ఇంకోరోజు ఉప్పే ఉంటుంది. చింతపండు మండి వాళ్ళ ఇంట్లో పులుపు లేని రసం తిన్నది నేనొక్కతినే అయి ఉంటాను. నాకు జడ వేయడం నేర్చుకున్నాడు. మొదటి జడ చూసి మునెమ్మ, "ఏమయ్యా, ఎద్దుకు పగ్గం పేనినారా?" అని అడిగింది. పదో రోజుకు బాగానే వేశాడు. ఇన్ని చేసే మనిషి తమ్ముడి పేరు ఎత్తితే మాత్రం గోడవైపు తిరిగేవాడు.

నా భయం ఎడమ కాలిది. బొటనవేలు, దాని పక్క వేలు మొద్దుబారి ఉన్నాయి. వస్తే వస్తుంది, లేకపోతే లేదు అన్నట్టుగా మాట్లాడాడు డాక్టరు. రోజూ మధ్యాహ్నం మా ఆయన చింతకాయ ఈనె ఒకటి తీసుకుని నా పాదం మీద గీసేవాడు. "తెలుస్తా ఉందా?" "లేదు." "ఇప్పుడు?" "లేదు." నేను కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని, ఏడుపు కనబడకుండా. ఆ కాలు చచ్చిపోతే దిమ్మ మీద మళ్ళీ కూర్చోలేనని భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉండేది. నేను నడవలేకపోతే మా ఆయన తమ్ముడితో జన్మలో మాట్లాడడు. ఇద్దరికీ అరవై దగ్గర పడుతున్నాయి. మిగిలిన కాలమంతా నా అబద్ధం వాళ్ళ మధ్య గోడగా నిలబడుతుంది.

పంగుని ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఈనె గీస్తుంటే నాకు చక్కిలిగిలి పుట్టింది. కాలు లాక్కున్నాను. మా ఆయన ఈనె పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. తర్వాత లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చాడు, చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ సంతోషంలో చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఆ పొద్దు విమానంలో..." అన్నానో లేదో ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "దాని మాట వద్దు." నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన వద్దన్నాడు, నా తప్పేముంది అనుకున్నాను. గర్వం ఉన్నవాళ్ళకు సాకులు ఎంత సులభంగా దొరుకుతాయో చూడండి.

మునెమ్మ మాత్రం వదల్లేదు. మంచం పక్కన కూర్చుని నేను చూడడానికి కొత్త పండు తెచ్చేది. నేను వేళ్ళతో నొక్కి, వాసన చూసి, ఏ తోపుదో చెప్పేదాన్ని. వ్యాపారం అట్లా నడిచింది. ఒకరోజు పండు చేతిలో పెడుతూ అడిగింది. "ఒక మాట అడగనా అమ్మా? మీరు కాళ్ళు కిందికి ఏలాడేసుకొని ఎప్పుడు కూర్చున్నారు? మీ పెండ్లిలో కూడా నేను చూడలేదే."

"సుమ్మా ఉండు. పని చూడు పో" అన్నాను.

"సరి" అంది. కానీ వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

చిత్తిరై

ఆరు వారాలు దాటాక నడుముకు బెల్టు ఇచ్చారు. చంకల కింద నుంచి తుంటి దాకా ఇనుప పట్టీలున్న గట్టి బెల్టు. విమానంలో ఒక చిన్న బెల్టు వదులు చేసుకున్నదానికి చిత్తిరై ఎండల్లో మూడు నెలలు ఈ పెద్ద బెల్టు. ఎవరు వేశారో గానీ శిక్ష సరిగ్గా సరిపోయింది.

వ్యాయామం నేర్పించడానికి ఒక అమ్మాయి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి, నన్ను చిన్నపిల్లను అదిలించినట్టు అదిలించేది. మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టే రోజు మా ఆయన ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ తెచ్చి, ఒక్కొక్కదాన్ని ఊపి చూసి, ఇనుప కుర్చీ ఒకటి ఎంచాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కూర్చోబెట్టారు. కళ్ళు తిరిగాయి, తర్వాత నిలిచాయి. రెండు నెలల తర్వాత ఇంటిని నిలువుగా చూశాను. మునెమ్మ జల్లెడ పట్టుకుని వాకిట్లో నిలబడి నవ్వుతోంది.

"పది నిమిషాలు" అని ఆ అమ్మాయి వాచీ చూసుకుని, తన పుస్తకంలో ఏదో రాసుకోవడానికి తల వంచింది. తల ఎత్తేసరికి తమిళంలో అరిచింది. "అమ్మా, కాళ్ళు, కాళ్ళు కింద పెట్టండి."

చూసుకుంటే నా కుడికాలు కుర్చీ మీద ఉంది. ఎడమది దాని వెనకే వస్తోంది. నాకే తెలియదు.

మా ఆయన నవ్వాడు. మాసి నెల తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. "ఏం చేసేదమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో. "బస్సులోనూ ఇంతే, పంక్తిలోనూ ఇంతే. ఈమె విమానంలో కూడా ఇట్లే కూర్చొని ఉంటాది."

ఆ అమ్మాయి కూడా నవ్వింది. మునెమ్మ నవ్వలేదు. జల్లెడ ఆపి నావైపు చూసింది.

నేనూ నవ్వేసి ఉంటే సరిపోయేది. అంతటితో ఆ మాట గాలికి పోయేది. కానీ రెండు నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను, ఆ నవ్వును కూడా మోసం చేయడం నా వల్ల కాలేదు.

"అవును" అన్నాను.

"ఏం అవును?"

"ఇట్లే కూర్చొని ఉంటిని. చెప్పులు విడిచి, బెల్టు వదులు చేసుకొని. దించేటప్పుడు కూడా."

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపల మనిషి మాత్రం లేడు. అట్లాగే అడిగాడు. "వాడు నీకు చెప్పలేదా, కాళ్ళు కింద పెట్టమని?"

"చెప్పినాడు. రెండుసార్లు చెప్పినాడు. బెల్టు కూడా ఆయప్పే బిగించినాడు."

"డాక్టరు అడిగితే కింద ఉండాయంటివి."

"అంటిని."

"ఎందుకే?"

"నేను తప్పు చేసినానని ఎవురి దగ్గరా చెప్పి అలవాటు లేదు నాకు" అన్నాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా వచ్చింది. ఏడిస్తే నడుము నొప్పి, నొప్పికి మళ్ళీ ఏడుపు. ఆ అమ్మాయి నన్ను మెల్లగా మంచం మీదికి చేర్చింది. నేను సర్దుకునేసరికి హాల్లో మా ఆయన లేడు. ఆయన చెప్పులూ లేవు.

ఆయన ఎక్కడికి పోయాడో తర్వాత సుందరం చెప్పాడు. మెస్సులో సుందరం పెరుగన్నం తింటుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడట. ఇంట్లో భోంచేసిన మనిషి మళ్ళీ ఆకు వేయించుకున్నాడట. అన్నం, సాంబారు, రసం, మజ్జిగ, ఒక్క మాట లేకుండా అన్నీ తిన్నాడట. ఆకు మడిచాక అన్నాడట. "ఈడ రసం మన ఇంట్లోకంటే బాగుంది రా." ఇంట్లో రసం ఎవరు కాస్తున్నారో సుందరానికి తెలుసు. అందుకని నవ్వాలా వద్దా అని చూస్తూ కూర్చున్నాడట. అప్పుడు మా ఆయన, "ఇంటికి దా. మీ వదిన ఏడుస్తా ఉంది" అన్నాడట.

ఇద్దరూ వచ్చారు. సుందరం నా మంచం దగ్గర నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"నన్ను మన్నించు నాయనా" అన్నాను.

"నాకు తెలుసు వదినా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మిమ్మల్ని బయటికి తీసినప్పుడే తెలుసు. మీ చెప్పులు సీటు కింద జతగా ఉండాయి, మండి గడప దగ్గర విడిచినట్లు."

 మా ఆయన అడిగాడు. "తెలిసి ఎందుకు చెప్పలేదురా? నేను అన్ని మాటలు అంటా ఉంటే?"

"గాలి ఉందని తెలిసి కూడా దించింది నేను. పైకి లేపి ఇంకొక చుట్టు తిరిగి వచ్చి ఉండాలి. దించే ముందు పక్కన ఉండేవాళ్ళ బెల్టు లాగి చూడాల్సింది కూడా నేనే. విచారణకు వచ్చినవాళ్ళకి అట్లే రాసి ఇచ్చినాను." అన్న వైపు తిరిగి అన్నాడు. "ఇంకోటి, నీకు చెప్తే వదినను తిడతావు. ఆమె పడుకొని ఉంది, యాడికి పోతాది? నన్ను తిడితే నేను లేచి మెస్సుకు పోతాను కదా."

వాకిట్లోంచి మునెమ్మ ముక్కు చీదిన శబ్దం వినబడింది.

ఆడి

ఇక్కడితో అంతా సర్దుకుందని రాస్తే బాగుండేది. సర్దుకోలేదు. సుందరం మళ్ళీ మాతోనే తింటున్నాడు. కానీ అన్నదమ్ముల మధ్య మర్యాద వచ్చిపడింది. "నీళ్ళు కావాలా అన్నా?" "చాలు." "కరెంటు బిల్లు కట్టినారా?" "కట్టినాను." ఇంతే. మా ఆయనకు సిగ్గు, ఆయన అన్న మాటలు ఆయనే మింగలేకపోతున్నాడు. సుందరానికి ఆ సిగ్గు చూడడం సిగ్గు. ఇడ్లీల ముందు ఇద్దరూ బంధువుల ఇంటికి వచ్చినవాళ్ళలా కూర్చునేవారు. నాకు నడక వచ్చింది, కర్ర పోయింది, ఆడి నెలలో డాక్టరు ఆ బెల్టు కూడా తీసేయమన్నాడు. ఇంటికి మాత్రం ఇంకా నయం కాలేదు.

విచారణవాళ్ళకు నేనూ నా తప్పు రాసి పంపాను. సుందరం పక్కన పెద్ద పైలట్ ఒకాయన కూర్చుని పరీక్ష పెట్టాడు, సుందరం నెగ్గాడు. విమానానికి కొత్త చక్రం వచ్చింది. అయినా ఎక్కనన్నాడు. "చాలు వదినా. వయసు కూడా అయింది."

ఒక ఉదయం ఇడ్లీ తుంచుతూ, పేపర్ వెనక నుంచి మా ఆయన అన్నాడు. "ఈ ఆడి గాలి ఆవణిలో తగ్గుతాది కదా? నేను వస్తాను నీతో."

సుందరం చెయ్యి గాల్లోనే ఆగింది. "నువ్వా? మేడ మీద నీళ్ళ తొట్టి ఎక్కి చూసేదానికే నీకు భయం."

"భయమే. వస్తాను."

ఆయన పేపర్ దించలేదు. 

ఆవణి

రన్‌వే దగ్గరికి నేనూ పోయాను. రావద్దని ఇద్దరూ అన్నారు. అయినా వచ్చి వాచ్‌మన్ గది పక్కన నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. సుందరం అన్నకు బెల్టు బిగించాడు, లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. మా ఆయన నాకు చెయ్యి ఊపుదామని ఎత్తి, తలుపు పట్టుకునే పని గుర్తొచ్చి దించేశాడు.

వాళ్ళు పైన ఉన్నది ఇరవై నిమిషాలు. నాకు ఆ ఆరు వారాల మంచం అంతకంటే త్వరగా గడిచింది. ఉలవ చేలో ఈసారి ఇంకా ఏమీ వేయలేదు, దున్ని వదిలేశారు. నేను దానివైపు చూడకుండా ఆకాశంవైపే చూస్తూ నిలబడ్డాను. మా పెళ్ళి నుంచి ఇప్పటిదాకా ఆయన్ని తిట్టినవన్నీ గుర్తొచ్చాయి. క్షమించమని దేవుణ్ణి అడిగాను, కొన్నింటికి మాత్రమే.

విమానం కిందికి వచ్చింది. చక్రాలు నేలకు మనిషెత్తున ఉన్నాయి. ఇంక తాకుతుంది అనుకున్నప్పుడు ఇంజన్ గట్టిగా అరిచింది, విమానం మళ్ళీ పైకి లేచి నా తల మీదుగా పోయింది.  వాచ్‌మన్ తాపీగా, "గాలి నచ్చలేదమ్మా ఆయనకు. ఇంకొక చుట్టు తిరిగి వస్తాడు" అన్నాడు.

ఇంకొక చుట్టు తిరిగి వచ్చాడు. ఈసారి చక్రాలు నేలను తాకింది నాకు కనబడలేదు, దుమ్ము లేచాకే తెలిసింది. అంత మెత్తగా దించాడు.

తలుపు తెరుచుకుంది. మా ఆయన దిగాడు. ఆయన దగ్గరికి పోయి చేతులు పట్టుకోవాలని నాలుగడుగులు వేశాను. ఈలోపల సుందరం రెండో వైపు నుంచి దిగి వచ్చాడు, ఇద్దరూ నావైపు నడిచారు. దూరం నుంచే గొంతులు వినబడ్డాయి.

"ఫస్ట్ తూరే దించి ఉండొచ్చు కదరా. అంతా సరిగ్గానే ఉన్నింది."

"ఏం సరిగ్గా ఉన్నింది? గాలి పక్క నుంచి తోస్తా ఉంది, నీకేం తెలుసు?"

"నాకు తెలీదా? నేను కిటికీ పక్కనే కూర్చొని ఉంటిని. గాలి లేనే లేదు."

"కళ్ళు మూసుకొని కూర్చొని ఉంటివి నువ్వు. నేను చూసినాను."

"మూసుకోలేదు. దుమ్ము పడింది."

"అంత ఎత్తులో దుమ్మా? చిన్నప్పుడు హొగేనక్కల్‌లో పరిసల్ పడవ ఎక్కినప్పుడు కూడా ఇట్లే చెప్పినావు."

"పరిసల్‌లో ఏడిచింది నువ్వురా, నేను కాదు."

"నేనా? నాయన ఉండి ఉంటే అడిగి ఉందును."

చేతులు ఊపుకుంటూ, ఒకర్నొకరు మాట పూర్తి చేయనివ్వకుండా వచ్చారు. నా దగ్గరికి వచ్చారు, నన్ను దాటి పోయారు. కారు దాకా పోయినా ఆపలేదు. ఆరు నెలల క్రితం వెన్ను విరిగిన మనిషి ఒకతె అక్కడ చేతులు చాచి నిలబడి ఉందని ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

నేను వాళ్ళను పిలవలేదు. ఆ గోల చెవినిండా వింటూ, వెనకాలే మెల్లగా నడిచాను.